లేబుల్ మీద లేని అంకెలు

ఎలక్ట్రానిక్స్ దుకాణంలో రెండు ల్యాప్‌టాప్‌లు పక్కపక్కన ఉన్నాయనుకుందాం. రెండింటి చీటీల మీదా ఒకే ప్రాసెసర్ పేరు, ఒకే గ్రాఫిక్స్ చిప్పు పేరు, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ. ధరలో తేడా నాలుగైదు వేలు. రెండింటిలోనూ ఒకే పెళ్లి ఫొటో తెరిస్తే ఒకదానిలో పెళ్లికూతురి చీర కుంకుమ ఎరుపులో కనిపిస్తుంది, రెండోదానిలో అదే చీర వెలిసిన ఇటుక రంగుకు దిగుతుంది. రెండింటిలోనూ ఒకే ఆట పెడితే ఒకదానిలో కారు మలుపులు నున్నగా తిరుగుతుంది. రెండోదానిలో పావుగంట గడిచేసరికి ఫ్యాన్ హోరెత్తి, బొమ్మ తడబడటం మొదలవుతుంది. చీటీలో రాసినదేదీ అబద్ధం కాదు. రాయకుండా వదిలేసిన వాటిలోనే అసలు సంగతి ఉంది.

చవక ల్యాప్‌టాప్ తయారుచేసేవాడు ఎక్కడో ఒకచోట ఖర్చు తగ్గించుకోక తప్పదు. కొనేవాడి కన్ను పడేచోట తగ్గిస్తే సరుకు కదలదు. అందుకని కన్ను పడనిచోట తగ్గిస్తాడు. ప్రాసెసర్ పేరు అందరూ అడుగుతారు, తెర ఎంత మేరకు రంగులు చూపగలదో అడిగేవారు తక్కువ. గ్రాఫిక్స్ చిప్పు నంబరు అడుగుతారు, దానికి ఎన్ని వాట్లు అందుతాయో అడగరు. ర్యామ్ ఎన్ని జీబీలో అడుగుతారు, అది ఒకే ముక్కా రెండు ముక్కలా అని అడగరు.

డిజైన్ పని, దానితోపాటు కాస్త ఆట, రెండూ ఒకే యంత్రం మీద కావాలనుకునేవారికి ఈ అడగని ప్రశ్నలే ముఖ్యం. ఫొటోషాప్ నేర్చుకుంటున్న డిగ్రీ విద్యార్థి కావచ్చు, శుభలేఖలు, ఫ్లెక్సీలు, పెళ్లి ఆల్బమ్‌లు చేసే డీటీపీ సెంటరువారు కావచ్చు. 50, 60 వేల రూపాయల దగ్గర లెక్క ముగించాలంటే అన్నీ రావు. ఏది వదులుకోవచ్చో తేల్చడానికి ఒక సూత్రం పనికొస్తుంది: తర్వాత మార్చుకోలేని భాగాల మీద ముందు డబ్బు పెట్టాలి. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ చాలా మోడళ్లలో తర్వాత పెంచుకోవచ్చు. గ్రాఫిక్స్ చిప్పునూ, వేడిని బయటికి పంపే ఏర్పాటునూ మార్చలేం. తెర మార్చడం సాధ్యమేగానీ, సరిపోయే ప్యానెల్ వెతకడం, వారంటీ పోగొట్టుకోవడం చూస్తే అదీ మార్చలేని జాబితాలోనే వేసుకోవడం మంచిది. ఈ సూత్రం ఎందుకు నిలబడుతుందో తెలియాలంటే మూత తీసి లోపలికి చూడాలి.

పదిహేడు మంది కళ్లు

ముందు తెర సంగతి. మన రెటీనాలో రంగును పసిగట్టే కణాలు మూడు రకాలు. అందుకే మూడు రంగుల కాంతిని తగిన పాళ్లలో కలిపి కంటిని దాదాపు ఏ రంగుతోనైనా నమ్మించవచ్చు. ఆ పాళ్లు ఎంతెంత? 1920ల చివర్లో ఇంగ్లండులో డేవిడ్ రైట్, జాన్ గిల్డ్ అనే ఇద్దరు విడివిడిగా దీన్ని కొలిచారు. ఒక పక్క ఒకే తరంగదైర్ఘ్యం ఉన్న కాంతి, ఇంకో పక్క ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతుల కలయిక. రెండు పక్కలూ ఒకేలా కనిపించేదాకా మూడింటి పాళ్లను సరిచేయాలి. రైట్ దగ్గర పదిమంది, గిల్డ్ దగ్గర ఏడుగురు కూర్చుని ఈ పని చేశారు. ఆ 17 మంది చూపుల ఆధారంగా 1931లో సీఐఈ అనే అంతర్జాతీయ సంఘం మనిషి చూడగల రంగులన్నింటికీ ఒక పటం తయారుచేసింది. ఇవాళ్టికీ తెరల రంగుల పరిధిని ఎక్కువగా ఆ పటం మీదే కొలుస్తున్నారు.

ల్యాప్‌టాప్ తెరలో ఉండేవి మూడే రంగుల చుక్కలు. సీఐఈ పటం మీద వాటి స్థానాలు గుర్తించి, మూడు బిందువులనూ కలిపితే త్రిభుజం వస్తుంది. ఆ తెర చూపగల రంగులన్నీ ఆ త్రిభుజం లోపలివే. బయట ఉన్నవి ఎంత ప్రయత్నించినా చూపలేదు. ఎవరి త్రిభుజం వాళ్లు గీసుకుంటే ఒకరి బొమ్మ ఇంకొకరి తెర మీద వేరేలా కనిపిస్తుంది కాబట్టి, 1996లో హ్యూలెట్ ప్యాకర్డ్, మైక్రోసాఫ్ట్ సంస్థలు ఒక ఉమ్మడి త్రిభుజాన్ని ప్రతిపాదించాయి. దాని పేరు ఎస్‌ఆర్‌జీబీ. వెబ్‌లో తిరిగే బొమ్మల్లో అత్యధికం ఈ కొలతకు చేసినవే.

లెక్క తికమక అయ్యేది ఇక్కడే. 1953లో అమెరికాలో కలర్ టీవీ కోసం నిర్ణయించిన ఎన్‌టీఎస్‌సీ త్రిభుజం ఇంకా పెద్దది. విస్తీర్ణంలో ఎస్‌ఆర్‌జీబీ అందులో సుమారు 72 శాతం. ల్యాప్‌టాప్ కంపెనీలు చవక తెరల సామర్థ్యాన్ని ఈ పాత టీవీ కొలతలోనే రాస్తుంటాయి. వివరాల పేజీ అడుగున ‘45 శాతం ఎన్‌టీఎస్‌సీ’ అని కనిపిస్తే 45ను 72తో భాగించండి. వచ్చేది 0.625. అంటే ఎస్‌ఆర్‌జీబీ విస్తీర్ణంలో మూడింట ఒక వంతుకు పైగా ఆ తెరకు అందదు. ‘72 శాతం ఎన్‌టీఎస్‌సీ’ అని ఉంటే దాదాపు మొత్తం ఎస్‌ఆర్‌జీబీ అన్నమాట.

చవక తెరలో రంగు ఎందుకు పోతుంది? ఎల్‌సీడీ తెర వెనక తెల్లని ఎల్‌ఈడీ దీపాలు ఉంటాయి. నీలం కాంతినిచ్చే చిప్పు మీద పసుపు ఫాస్ఫర్ పూత పూసి ఆ తెలుపును రాబడతారు. అందులో నీలం పుష్కలం, చిక్కని ఎరుపు తక్కువ. ఈ తెలుపు కాంతి ఒక్కో చుక్క ముందున్న రంగు ఫిల్టరు గుండా బయటికి వస్తుంది. ఫిల్టరు చిక్కగా ఉంటే రంగు స్వచ్ఛంగా ఉంటుందిగానీ, కాంతిలో ఎక్కువ భాగం అక్కడే ఆగిపోతుంది. అప్పుడు దీపాలు బలమైనవి పెట్టాలి, బ్యాటరీ ఖర్చు పెరుగుతుంది. ఫిల్టరు పలచన చేస్తే తక్కువ దీపాలతోనే తెర వెలుగుతుంది, ఎరుపులో మాత్రం పసుపు, ఆకుపచ్చ చొరబడతాయి. కుంకుమ ఇటుకగా మారే రహస్యం ఇదే.

డిజైనరుకు దీనివల్ల జరిగే నష్టం వింతగా ఉంటుంది. తన తెర మీద ఎరుపు వెలిసినట్టు కనబడుతుంది కాబట్టి అతను రంగును పెంచుకుంటూ పోతాడు. ఆ ఫైలు ఖాతాదారుడి ఫోన్‌కి వెళ్తుంది. ఫోన్ తెర చాలాసార్లు ఈ ల్యాప్‌టాప్ తెర కన్నా మెరుగైనది. అక్కడ పెళ్లికూతురి చీర కళ్లలో పొడుస్తుంది, పెళ్లికొడుకు బుగ్గలు కందిపోతాయి. రంగులు సరిచేసే కాలిబ్రేషన్ పరికరం త్రిభుజం లోపలి రంగులను వాటి స్థానాల్లోకి సర్దుతుందిగానీ త్రిభుజాన్ని పెద్దది చేయలేదు. ప్రింటుకు వెళ్లే పనిలో ఇంకో చిక్కు ఉంది. ముద్రణ సిరాల పరిధి వేరు. ప్రెస్సు వేసే స్వచ్ఛమైన సయాన్ నీలం ఎస్‌ఆర్‌జీబీ త్రిభుజానికే బయట ఉంటుంది. పూర్తి ఎస్‌ఆర్‌జీబీ తెర ఉన్నవారికే అక్కడ కొంత ఊహ అవసరమైతే, 45 శాతం తెర ఉన్నవారు ఊహ మీదే పని నడపాలి.

బడ్జెట్ గేమింగ్ ల్యాప్‌టాప్‌ల మీద పెద్ద అక్షరాలతో కనిపించే ‘144 హెర్ట్జ్’ ఇంకో సంగతి. తెర సెకనుకు 144 సార్లు కొత్త బొమ్మ చూపగలదని దాని అర్థం. వాలరెంట్ వంటి తేలికపాటి పోటీ ఆటల్లో అది పనికొస్తుంది. కానీ సెకనుకు 50, 60 బొమ్మలు గీయడానికే గ్రాఫిక్స్ చిప్పు కష్టపడే ఆటల్లో 144 వల్ల ఒరిగేది పెద్దగా లేదు. ఇలాంటి 144 హెర్ట్జ్ తెరల్లో చాలా వాటి రంగుల సామర్థ్యం మళ్లీ ఆ 45 శాతమే. డిజైన్ పని ఉన్నవారు 60 హెర్ట్జ్ పూర్తి ఎస్‌ఆర్‌జీబీ తెరకూ, 144 హెర్ట్జ్ 45 శాతం తెరకూ మధ్య ఎంచుకోవాల్సి వస్తే మొదటిదే తీసుకోవాలి.

మిగతావి తొందరగా తేలిపోతాయి. టీఎన్ ప్యానెల్‌లో తల కాస్త పైకెత్తినా రంగు మారిపోతుంది, కాబట్టి అది వద్దు. పక్కనుంచి చూసినా రంగు నిలిచే ఐపీఎస్ రకం కావాలి. వెలుగు 300 నిట్లకు తగ్గకుండా ఉంటే కిటికీ పక్కన కూర్చున్నా పని సాగుతుంది. 15.6 అంగుళాల తెర మీద 1920×1080 చుక్కలంటే అంగుళానికి 141, మామూలు దూరంలో కంటికి అది చాలు. 1920×1200 దొరికితే ఇంకా మంచిది, పైనున్న మెనూలు మింగేసే స్థలం అదనపు 120 వరుసల్లో తిరిగి వస్తుంది. ఓఎల్‌ఈడీ తెరలో రంగులు అద్భుతం. అయితే ఏళ్ల తరబడి ఒకేచోట కదలకుండా ఉండే టూల్‌బార్ల ముద్ర తెర మీద మిగిలిపోయే ప్రమాదం ఉంటుంది.

ఒక్కో బొమ్మకు 16.7 మిల్లీసెకన్లు

ఆట సెకనుకు 60 బొమ్మలతో సాగాలంటే ఒక్కో బొమ్మకు దొరికే గడువు 16.7 మిల్లీసెకన్లు. ఆ గడువులో 20,73,600 చుక్కలకు రంగు నిర్ణయించాలి. సెకనుకు 12 కోట్లకు పైమాటే. ప్రతి చుక్క దగ్గరా ఆ చోట ఏ వస్తువు ఉంది, దాని ఉపరితలం ఎలాంటిది, వెలుగు ఏ దిక్కునుంచి పడుతోంది అన్న లెక్కలు ఉంటాయి. అదృష్టవశాత్తూ ఒక చుక్క లెక్క పక్క చుక్క లెక్క కోసం చాలావరకు ఎదురుచూడనక్కర్లేదు. మడిలో నాట్లు వేయాలంటే ఒక్క మనిషి ఎంత నేర్పరి అయినా చాలడు, వరసగా వంగిన ముప్పైమంది కూలీలు పూటలో ముగిస్తారు. ప్రాసెసర్‌లో ఉండేది నలుగురో ఎనిమిది మందో నేర్పరులు. గ్రాఫిక్స్ చిప్పులో ఉండేది పెద్ద కూలీల గుంపు. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 3050 ల్యాప్‌టాప్ చిప్పు 4 జీబీ రకంలో 2048 గణన కేంద్రాలు ఉన్నాయి.

ఇంత గుంపుకు పని అందించేది మెమరీ. ఆర్‌టీఎక్స్ 2050 అనే మరో చిప్పులోనూ గణన కేంద్రాలు 2048. అయినా వేగంలో అది 3050కి వెనకే. కారణం మెమరీకీ చిప్పుకూ మధ్య దారి వెడల్పు. 3050లో అది 128 బిట్లు, 2050లో 64 బిట్లు. సెకనుకు 3050 సుమారు 190 జీబీల సమాచారాన్ని తెచ్చుకోగలిగితే 2050 సుమారు 110 జీబీలు తెచ్చుకుంటుంది. వేరే గ్రాఫిక్స్ చిప్పు లేని ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్‌లోనే ఇమిడి ఉన్న గ్రాఫిక్స్ మామూలు ర్యామ్‌నే పంచుకోవాలి. డీడీఆర్4-3200 ర్యామ్ ఒక్క ముక్క ఉంటే సెకనుకు 25.6 జీబీలు, రెండు ముక్కలు ఉంటే 51.2 జీబీలు. ఇమిడిపోయిన గ్రాఫిక్స్‌తో ఆడాలనుకునేవారికి రెండో ర్యామ్ ముక్క ఎంత పెద్ద తేడా తెస్తుందో ఈ అంకెలే చెబుతాయి. ఇంటెల్ ఐరిస్ ఎక్స్‌ఈ గ్రాఫిక్స్ ఉన్న ల్యాప్‌టాప్‌లో ఒకే ముక్క ర్యామ్ ఉంటే విండోస్ దాన్ని ఆ పేరుతో కూడా పిలవదు, మామూలు ‘యూహెచ్‌డీ గ్రాఫిక్స్’ అని చూపిస్తుంది.

గ్రాఫిక్స్ చిప్పుకు ఉండే సొంత మెమరీ కూడా మార్చలేని భాగమే. ఆటలోని గోడలు, చెట్లు, ముఖాల మీద పరిచే బొమ్మలన్నీ అందులో కూర్చోవాలి. చోటు చాలకపోతే మామూలు ర్యామ్ నుంచి ఇరుకు దారిలో తెచ్చుకోవాలి, ఆట ఆగి ఆగి నడుస్తుంది. పాత ఆటలకు 4 జీబీ చాలు. కొత్తవాటికి 6 జీబీ ఉండటం మంచిది. ఒకే ధరలో కొత్త ప్రాసెసర్‌తో 4 జీబీ రకం, ఒక తరం పాత ప్రాసెసర్‌తో 6 జీబీ రకం ఎదురైతే ఆటలవరకు రెండోదే మేలు.

పేరు ఒకటే, వాట్లు వేరు

గ్రాఫిక్స్ చిప్పు పేరు దాని వేగాన్ని పూర్తిగా చెప్పదు. ఆర్‌టీఎక్స్ 3050 ల్యాప్‌టాప్ చిప్పును 35 వాట్ల నుంచి 80 వాట్ల వరకు ఎంతకైనా బిగించుకునే వీలు తయారీదారులకు ఉంది. ఆర్‌టీఎక్స్ 4050కి ఆ పరిధి 35 నుంచి 115 వాట్లు. పలచని, అందమైన ల్యాప్‌టాప్‌లో తక్కువ వాట్లు ఇస్తారు, మందమైన దానిలో ఎక్కువ ఇస్తారు. స్టిక్కరు రెండింటి మీదా ఒకటే.

వాట్లకూ వేగానికీ సంబంధం తిన్నగా ఉండదు. ట్రాన్సిస్టర్లు మింగే విద్యుత్తు వాటి వేగంతోనూ, వోల్టేజి వర్గంతోనూ పెరుగుతుంది. వేగం పెంచాలంటే వోల్టేజి కూడా పెంచాల్సి వస్తుంది కాబట్టి మొత్తం మీద వాట్లు దాదాపు వేగం ఘనంతో పెరుగుతాయి. వేగం, వోల్టేజి రెండూ 20 శాతం తగ్గిస్తే 0.8×0.8×0.8, అంటే 0.51. సగం కరెంటుతో 80 శాతం పని. దీన్ని తిప్పి చదివితే, ఒక్క పాతిక శాతం వేగం కోసం వాట్లు దాదాపు రెట్టింపు చేయాలి. కొనేటప్పుడు దీన్నుంచి రెండు పాఠాలు తీసుకోవచ్చు. మధ్యస్థంగా 60, 70 వాట్లు ఇచ్చిన చిప్పు తేలికపాటి ఆటలకు చక్కగా సరిపోతుంది, పైకొసకు పాకాల్సిన పనిలేదు. 35, 40 వాట్లకు కుదించిన పెద్ద పేరు చిప్పుకు మాత్రం ఎక్కువ డబ్బు పెట్టకూడదు. ఈ వాట్ల అంకె సాధారణంగా తయారీదారు వెబ్‌సైటులోని పూర్తి వివరాల పేజీలో దొరుకుతుంది. కొన్నాక ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లోనూ చూడవచ్చు.

వాట్లన్నీ చివరికి వేడే

చిప్పులోకి వెళ్లిన కరెంటంతా దాదాపుగా వేడిగా మారుతుంది. గోరంత చోటులో పుట్టే ఆ వేడిని అంచుదాకా మోసేది రాగి గొట్టం. దాని లోపల గాలి తీసేసి కొద్దిగా నీరు ఉంచుతారు. ఒత్తిడి చాలా తక్కువ కాబట్టి ఆ నీరు వంద డిగ్రీలకు చాలా ముందే ఆవిరవుతుంది. ఆవిరి చల్లని కొసకు పరుగెత్తి, అక్కడ వేడిని వదిలి మళ్లీ నీరవుతుంది. గొట్టం గోడల్లోని సన్నని రంధ్రాల గుండా తిరిగి చిప్పు దగ్గరికి పాకుతుంది. ఏ మోటారూ లేకుండా ఈ చక్రం తిరుగుతూనే ఉంటుంది. చల్లని కొస దగ్గర ఫ్యాన్ గాలి ఊదుతుంది.

వేడి ఎంత త్వరగా బయటపడుతుందన్నది లోపలి, బయటి ఉష్ణోగ్రతల తేడా మీద ఆధారపడుతుంది. మన ప్రాంతం వాళ్లు జాగ్రత్తగా ఆలోచించాల్సిన విషయం ఇది. చిప్పు 95 డిగ్రీల దగ్గర తనను తాను నెమ్మదింపజేసుకుంటుందనుకుందాం. ఏసీ గదిలో 25 డిగ్రీలుంటే తేడా 70. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో ఫ్యాను కింద గది 38 డిగ్రీలుంటే తేడా 57. చల్లని గదిలో 100 వాట్ల వేడిని బయటికి పంపే ఏర్పాటు ఆ వేసవి గదిలో 81 వాట్లే పంపగలదు. మిగతా 19 వాట్లను చిప్పు తన వేగం తగ్గించుకునే సర్దుబాటు చేసుకోవాలి. ఏసీ గదుల్లో తీసిన సమీక్షా వీడియోల అంకెలు మన మే నెలకు యథాతథంగా వర్తించవు. కాబట్టి రెండు ఫ్యాన్లు, రెండు మూడు రాగి గొట్టాలు, వెనకా పక్కలా గాలి సందులు ఉన్న కాస్త బరువైన యంత్రాన్ని ఎగతాళి చేయనక్కర్లేదు. పరుపు మీద పెట్టి ఆడితే అడుగున గాలి పీల్చే సందులు మూసుకుపోతాయి. వెనక అంచు కింద అంగుళం ఎత్తు పెడితే గాలి ఆడుతుంది. ఏడాదికోసారి దుమ్ము తీయించాలి.

కరెంటు పోయినప్పుడు ఆట నెమ్మదించడానికీ ఈ లెక్కే కారణం. 50 వాట్-అవర్ల బ్యాటరీ నుంచి 80 వాట్లు లాగితే 40 నిమిషాలు కూడా రాదు. అంత కరెంటు ఒక్కసారిగా లాగడం బ్యాటరీకీ మంచిది కాదు. అందుకే ప్లగ్ తీయగానే యంత్రం చిప్పులను కట్టడి చేస్తుంది. గేమింగ్ ల్యాప్‌టాప్ ఆటల విషయంలో గోడ ప్లగ్గుకు కట్టుబడ్డ యంత్రమే.

ప్రాసెసర్ పేరులోని చిన్న అక్షరం

ప్రాసెసర్ దగ్గర కొనేవారిని తప్పుదారి పట్టించేది ‘ఎన్ని కోర్లు’ అన్న ప్రశ్న. ఇంటెల్ కోర్ ఐ5-1235యూలో పది కోర్లు ఉన్నాయి, ఐ5-12450హెచ్‌లో ఎనిమిదే ఉన్నాయి. అయినా బరువైన పనిలో ఎనిమిది కోర్లదే పైచేయి. మొదటిదానిలో పెద్ద కోర్లు రెండే, మిగతా ఎనిమిదీ పొదుపు కోర్లు, మొత్తం 15 వాట్ల తరగతికి చేసినది. రెండోదానిలో పెద్దవి నాలుగు, తరగతి 45 వాట్లు. చివర ‘యూ’ ఉంటే పొదుపు, ‘హెచ్’ ఉంటే బలం అని గుర్తుపెట్టుకోవాలి.

ఏఎండీ పేర్లలో మెలిక ఇంకో చోట ఉంది. రైజెన్ 5 7520యూ, రైజెన్ 5 7530యూ పేర్ల మధ్య తేడా ఒక్క అంకె. 7520లో 2019 నాటి జెన్ 2 నిర్మాణంతో నాలుగు కోర్లు, 7530లో తర్వాతి తరం జెన్ 3తో ఆరు కోర్లు. 7000 వరుసలో మూడో అంకె నిర్మాణ తరాన్ని చెబుతుంది. మొదటి అంకె అమ్మకానికి వచ్చిన వరుసను మాత్రమే చెబుతుంది, చూపు మాత్రం దాని మీదే పడుతుంది.

కోర్ల సంఖ్యకు ఒక పరిమితి ఉందని 1967లో జీన్ ఆమ్డాల్ చూపించారు. ఒక పనిలో సగం పంచుకోవడానికి వీల్లేనిదైతే ఎన్ని వేల కోర్లు పెట్టినా వేగం రెట్టింపు దాటదు. బ్రష్షు గీత, పొరల మార్పు, కోరల్‌డ్రాలో ఒంపులు సరిదిద్దడం ఇలాంటి పనులే. తెలుగు అక్షరం ‘ఞ’ లోని మెలికలన్నీ లోపల గణిత సమీకరణాలు. 1960లలో రెనో కార్ల కంపెనీ ఇంజినీరు పియర్ బెజియర్ కారు ఒంటి వంపులు గీయడానికి ప్రచారంలోకి తెచ్చిన వక్రరేఖలనే ఇవాళ్టి ఫాంట్లు, లోగోలు వాడుకుంటున్నాయి. వాటిని ఒకదాని తర్వాత ఒకటిగా లెక్కించే పనికి ఒక్క కోరు ఎంత చురుకైనదన్నదే లెక్క. కాబట్టి గత మూడు నాలుగేళ్లలో వచ్చిన ఆరు కోర్ల మంచి ప్రాసెసర్ దగ్గర ఆగిపోయి, మిగిలిన సొమ్మును తెర మీద పెట్టడం డిజైనరుకు లాభం.

ఆల్బమ్‌లో ఒక్క పేజీ ఎంత బరువు?

పెళ్లి ఆల్బమ్‌లో రెండు పేజీలు కలిసిన షీటు సాధారణంగా 12×36 అంగుళాలు. అంగుళానికి 300 చుక్కల చొప్పున 3600×10800, అంటే 3 కోట్ల 88 లక్షల 80 వేల చుక్కలు. చుక్కకు మూడు బైట్లు అనుకుంటే ఒక్క పొర 117 ఎంబీ. నేపథ్యం, జంట ఫొటో, పూల అంచు, నీడ, అక్షరాలు కలిపి పది నిండు పొరలైతే 1.2 జీబీ. వెనక్కి వెళ్లడానికి వీలుగా ఫొటోషాప్ పాత స్థితులను కూడా దాచుకుంటుంది. పక్కన బ్రౌజరు, వాట్సాప్ తెరిచి ఉంటాయి, విండోస్ తన వాటా ముందే తీసుకుంది. 8 జీబీ ఇట్టే నిండిపోతుంది. ఫొటోషాప్‌కు కనీసం 8 జీబీ, సజావుగా సాగడానికి 16 జీబీ అని అడోబీ చెప్పడంలో అతిశయోక్తి లేదు.

ర్యామ్ నిండితే యంత్రం ఎస్‌ఎస్‌డీని తాత్కాలిక మెమరీగా వాడుకుంటుంది. ర్యామ్ నుంచి ఒక సమాచారం తేవడానికి సుమారు 100 నానోసెకన్లు పడితే ఎస్‌ఎస్‌డీ నుంచి తేవడానికి దాదాపు వెయ్యి రెట్లు, తిరిగే పాత హార్డ్‌డిస్క్ నుంచి దాదాపు లక్ష రెట్లు సమయం పడుతుంది. పాత ల్యాప్‌టాప్‌లో హార్డ్‌డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేయగానే అది మళ్లీ కొత్తదైనట్టు అనిపించేది ఇందుకే.

ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఎంత ముఖ్యమైనా, కొన్నాక పెంచుకోగలిగినవి. ఖాళీ స్లాటు ఉంటే ఇవాళ 8 జీబీతో తీసుకుని ఆరు నెలల తర్వాత ఇంకో 8 వేసుకోవచ్చు. అప్పుడు మెమరీ దారీ రెండింతలవుతుంది. కొన్ని పలచని మోడళ్లలో ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తారు, ఖాళీ స్లాటు ఉండదు. అక్కడ 8 జీబీ కొంటే జీవితాంతం 8 జీబీయే. అలాంటివి మొదటి రోజే 16 జీబీతో కొనాలి, లేదా వదిలేయాలి. ఆపిల్ మాక్‌బుక్ ఎయిర్ దీనికి పరాకాష్ఠ. 2020 నాటి ఎం1 మోడల్‌కు కూడా చక్కని రంగుల తెర ఉంది, ఫ్యాన్ చప్పుడే లేదు. కానీ లోపల పెంచుకోగలిగింది ఏదీ లేదు, విండోస్ ఆటలు చాలావరకు నేరుగా నడవవు.

లెక్క తేల్చడం

పని ప్రధానం, ఆట సరదాకు అనుకునేవారు వేరే గ్రాఫిక్స్ చిప్పు కోసం పాకులాడనక్కర్లేదు. పూర్తి ఎస్‌ఆర్‌జీబీ తెర, ఆరు కోర్ల ప్రాసెసర్, రెండు ముక్కలుగా 16 జీబీ ర్యామ్ ఉంటే చాలు. మైన్‌క్రాఫ్ట్, వాలరెంట్ ఇమిడిపోయిన గ్రాఫిక్స్ మీద ఆడుకోవచ్చు, జీటీఏ 5ను కూడా సెట్టింగులు తగ్గించి నడపవచ్చు.

రెండూ సమానం అనుకునేవారికి 6 జీబీ గ్రాఫిక్స్ మెమరీ, 60 వాట్లకు తగ్గని చిప్పు, మంచి తెర మూడూ కావాలి. ఆ ధరలో మూడూ ఒకేచోట దొరక్కపోతే ఒక దారి ఉంది. తెర నాసిగా ఉన్న బలమైన యంత్రం తీసుకుని, ఇంట్లో పనికి ఎనిమిది, పది వేలలో దొరికే 24 అంగుళాల ఐపీఎస్ మానిటర్ తగిలించుకోవడం. అలాంటి మానిటర్లలో చాలావరకు దాదాపు పూర్తి ఎస్‌ఆర్‌జీబీ చూపిస్తాయి. ఒకేచోట కూర్చుని పనిచేసే డీటీపీ సెంటరుకు ఇదే గిట్టుబాటు. హాస్టలు నుంచి కాలేజీకీ, కాలేజీ నుంచి ఊరికీ ల్యాప్‌టాప్ మోసుకుతిరిగే విద్యార్థికి ఈ దారి పనికిరాదు, అతను మంచి తెర కోసం గ్రాఫిక్స్‌లో ఒక మెట్టు దిగడమే మేలు. సాఫ్ట్‌వేరు మీద పెట్టే డబ్బూ ఈ లెక్కలోకి రావాలి. జింప్, ఇంక్‌స్కేప్, క్రిటా ఉచితం, నేర్చుకునే దశలో అవి ధారాళంగా సరిపోతాయి.

దుకాణానికి వెళ్లేటప్పుడు రంగులు బాగా తెలిసిన ఒక ఫొటోను పెన్‌డ్రైవులో తీసుకెళ్లి నాలుగైదు తెరల మీద తెరిచి చూడాలి. కుంకుమ, పసుపు, మనిషి చర్మం ఉన్న ఫొటో అయితే తేడా వెంటనే తెలుస్తుంది. ఇంటికి తెచ్చాక, వెనక్కి ఇచ్చే గడువు ముగియకముందే, అరగంట ఆగకుండా ఒక ఆట ఆడి వేగం నిలుస్తుందో లేదో గమనించాలి. టాస్క్ మేనేజర్‌లో ర్యామ్ స్లాట్లు ఎన్ని నిండాయో చూడాలి.

వివరాల పేజీ అంతా వెతికినా రంగుల శాతం, వాట్లు కనబడకపోతే అమ్మేవాడిని అడగండి. అతనికీ తెలియకపోతే తెర 45 శాతం, చిప్పు అతి తక్కువ వాట్లు అనే లెక్క వేసుకుని ధర బేరీజు వేయండి. వంద శాతం ఎస్‌ఆర్‌జీబీ తెర పెట్టినవాడు ఆ మాట డబ్బా మీద అచ్చువేయకుండా ఉండడు.